మస్కడైన్ ద్రాక్ష తోటకి కోతల టైమ్‌లో వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టు వచ్చిందంటే చాలు, మా కేరీ, మోరిస్‌విల్ వైపు తెలుగువాళ్లు ఒకటే అడుగుతుంటారు: ద్రాక్ష తోటలు తెరిచారా, పిల్లలతో వెళ్లొచ్చా, ఆ ద్రాక్ష పుల్లగా ఉంటుందట కదా, అని. నార్త్ కరోలినాలో ఉంటున్న ఇన్నేళ్లలో నేను ఈ పండు కోసం వెళ్లని సెప్టెంబర్ లేదు. ఒక్కొక్కళ్లకీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. అట్లాంటా, షార్లెట్ వైపు ఉన్నవాళ్లకి కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది, తారీఖులు మాత్రం కాస్త అటూ ఇటూ అవుతాయి.

అసలు మస్కడైన్ అంటే ఏం ద్రాక్ష? మనం షాపులో కొనేదేనా?

కాదు. షాపుల్లో దొరికే ద్రాక్ష యూరప్, పశ్చిమాసియా వైపు నుంచి వచ్చిన జాతి. మస్కడైన్ మాత్రం అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల అడవుల్లో పుట్టిన తీగ, పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే. శాస్త్రీయ నామం విటిస్ రోటుండిఫోలియా, అంటే గుండ్రటి ఆకులున్న ద్రాక్ష అని. మామూలు ద్రాక్షకి 38 క్రోమోజోములుంటే దీనికి 40 ఉంటాయి, కాబట్టి రెండూ అన్నదమ్ముల పిల్లలు అనుకోవాలి గానీ కవలలు కాదు. 1524లో వెర్రజానో అనే ఇటలీ నావికుడు ఈ తీరం వెంట వెళ్తూ ద్రాక్ష తీగలు వాటంతటవే పెరుగుతున్నాయని రాశాడు. అప్పటికి ఇక్కడ యూరప్ వాళ్ల తోటలు లేవు, అవన్నీ అడవి తీగలే.

పండు ఎలా ఉంటుందంటే, గుత్తిగా వేలాడదు. ఒక్కో చోట నాలుగో, ఆరో, పదో కాయలుంటాయి, అవి కూడా విడివిడిగా. ఒక్కో పండు పెద్ద ఉసిరికాయంత ఉంటుంది, తొక్క మందంగా, లోపల గింజలతో. నల్లగా ఉన్నవి చూస్తే మన నేరేడు పండే గుర్తొస్తుంది.

మస్కట్ ద్రాక్షా ఇదీ ఒకటేనా?

కాదు. పేర్లు దగ్గరగా ఉన్నాయంతే. మస్కట్ మామూలు ద్రాక్ష జాతిలోదే.

మరి స్కప్పర్‌నాంగ్ అని బోర్డులు పెడతారు, అదేంటి?

అది కూడా మస్కడైనే. లేత ఆకుపచ్చ నుంచి రాగి రంగులోకి పండే పాత రకం, నార్త్ కరోలినాలోని స్కప్పర్‌నాంగ్ నది పేరు దానికి వచ్చింది. 2001లో దీన్ని రాష్ట్ర పండుగా ప్రకటించారు. ఇక్కడి పెద్దవాళ్లు రాగి రంగులో ఉన్న ఏ మస్కడైన్‌నైనా స్కప్పర్‌నాంగ్ అనేస్తారు, నల్లవాటినే మస్కడైన్ అంటారు. తోటలో అడిగేటప్పుడు రకం పేరు చెప్తే గందరగోళం ఉండదు. తినడానికైతే ఫ్రై, సుప్రీమ్, నెస్బిట్, ట్రయంఫ్ లాంటివి అడగండి. కార్లోస్, నోబుల్ ఎక్కువగా వైన్‌కీ జ్యూస్‌కీ వెళ్తాయి, కాయ చిన్నది. చిన్నదైనా బాగా పండిన కార్లోస్ రుచి నాకు చాలా ఇష్టం, దొరికితే వదలకండి.

ఎప్పుడు వెళ్లాలి?

ఫ్లోరిడా, దక్షిణ జార్జియాలో ఆగస్టులోనే మొదలవుతుంది. మా వైపు ఆగస్టు చివర్లో మొదలై అక్టోబర్ మొదటి వారం దాకా ఉంటుంది. నన్నడిగితే సెప్టెంబర్ రెండో వారం, మూడో వారం. అప్పటికి ముందు పండేవీ ఆలస్యంగా పండేవీ రెండూ దొరుకుతాయి, ఎండ కూడా కొంచెం తగ్గుతుంది.

రోజులో ఎప్పుడంటే, పొద్దున్నే, కానీ మరీ పొద్దున్నే కాదు. మంచు తడి ఆరాక కోస్తే పండు నిలుస్తుంది, తడిగా ఉన్నప్పుడు కోసి డబ్బాలో మూతపెట్టి తెస్తే రెండో రోజుకే బూజు పడుతుంది. తొమ్మిదిన్నర, పది మధ్య తోటలో ఉండి పన్నెండుకల్లా బయటపడితే హాయి. పెద్ద వాన పడిన మర్నాడు మాత్రం వెళ్లకండి. చాలా రోజులు ఎండగా ఉండి ఒక్కసారిగా కుండపోత పడితే పండిన కాయలు పగులుతాయి, పగిలినవాటి చుట్టూ కందిరీగలు మూగుతాయి. ఈ నెలల్లోనే హరికేన్లు కూడా వస్తాయి కాబట్టి ముందే ప్లాన్ చేసుకున్నా వాతావరణం చూసుకునే బయల్దేరండి.

ముందు ఫోన్ చేయాలా? వెబ్‌సైట్‌లో టైమింగ్స్ ఉన్నాయిగా?

చేయాల్సిందే. ఒకసారి మేం రెండు కార్లలో గంటన్నర డ్రైవ్ చేసి వెళ్లాం, మా అత్తగారూ మామగారూ ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, పులిహోర, పెరుగన్నం అన్నీ కట్టుకుని మరీ వెళ్లాం. వెబ్‌సైట్‌లో తెరిచే ఉంటుందని ఉంది. తీరా వెళ్తే గేటుకి చిన్న కాగితం అంటించి ఉంది, ముందు రోజు శనివారం జనం వచ్చి పండినవన్నీ కోసుకెళ్లారు, మళ్లీ పండడానికి నాలుగు రోజులు పడుతుంది అని. మామగారు గేటు బయట నిలబడి తీగల్ని చూసి వెనక్కి తిరిగారు. ఆ రోజు నాకు చాలా బాధేసింది.

తోటవాళ్ల తప్పనలేం. ఈ పండు ఒకేసారి పండదు, పక్కపక్కనే ఉన్న రెండు కాయల్లో ఒకటి ఇవాళ పండితే ఇంకోటి వారానికి పండుతుంది. అందుకే తోటలకి మధ్యమధ్యలో విరామం కావాలి. ఫోన్ చేసి ఈ రెండు అడగండి: ఇవాళ మనమే కోసుకోవచ్చా, ఏ రకాలు పండి ఉన్నాయి. సోమ, మంగళవారాల్లో తోట మూసి ఉంటుందేమో కూడా కనుక్కోండి. కొన్ని చోట్ల కార్డు తీసుకోరు, చిల్లరతో సహా క్యాష్ దగ్గర పెట్టుకోండి.

పండిందో లేదో ఎలా తెలుస్తుంది?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. రంగు చూసి మోసపోకండి. నల్ల రకాలు పండడానికి పది రోజుల ముందే నల్లబడి కూర్చుంటాయి, కొరికితే పులుపూ వగరూ. మస్కడైన్ కోశాక పండదు, అరటిపండులా, మామిడిపండులా ఇంట్లో పెడితే తియ్యబడదు. తీగ మీద ఎంత తీపి ఉంటే అంతే. కాబట్టి తొందరపడి కోసిన కాయ దండగ.

చేత్తోనే తెలుస్తుంది. పండు కింద అరచెయ్యి పెట్టండి, బొటనవేలితో కాయని ఊరికే పక్కకి తొయ్యండి, లాగొద్దు. పండినదైతే తనే చేతిలోకి వచ్చేస్తుంది, తొడిమ తీగ మీదే ఉండిపోతుంది. పట్టుకుని వేలాడితే ఇంకా టైమ్ ఉందన్నమాట, వదిలేసి పక్కదానికి వెళ్లండి. రాగి రంగు రకాల్లో ఇంకో గుర్తుంది: ఆకుపచ్చ పూర్తిగా పోయి తేనె రంగు వచ్చి, తొక్క మీద చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. మచ్చలున్నాయని జనం వాటిని వదిలేస్తారు, నేను వాటి కోసమే వెతుకుతాను. నొక్కితే మెత్తగా ఉండాలి, చితికేంత మెత్తగా కాదు. ఇక వాసన. బాగా పండిన వరుసలోకి అడుగుపెడితే మగ్గిన జామపళ్ల గదిలోకి వెళ్లినట్టు ఉంటుంది, ఆ వాసన వచ్చిన చోట ఆగండి.

కోశాక తొడిమ ఊడిన చోటు చూడండి. అక్కడ పొడిగా, చిన్న మచ్చలా ఉంటే ఆ పండు వారం పైగా నిలుస్తుంది. తొక్క చిరిగి తడిగా రసం కారుతుంటే అది అక్కడే తినేయాల్సిన పండు, లేదా ఆ రోజే వండేయాల్సింది. కొన్ని రకాలకి ఆ చిరుగు సహజంగానే వస్తుంది, అది మీ తప్పు కాదు. మా ఇంట్లో రెండు డబ్బాలు తీసుకెళ్తాం, ఒకటి పొడివాటికి, ఒకటి తడివాటికి.

తీగని ఊపి రాల్చుకోవచ్చు కదా అని అడుగుతారు. వైన్ తోటల్లో యంత్రాలు చేసేది అదే, తీగని దడదడలాడించి రాల్చేస్తాయి. మనం ఊపకూడదు. దోరగా ఉన్నవీ పండినవీ అన్నీ కలిసి రాలిపోతాయి, మన తర్వాత వచ్చేవాళ్లకి ఏమీ మిగలదు.

ఎలా తినాలి? మా ఆవిడ ఒకటి నమిలి, తొక్క తోలులా ఉంది, నాకొద్దు అంది.

ఒక్క పండు తిని వద్దనేవాళ్లే ఎక్కువ, ఎందుకంటే షాపు ద్రాక్షలా మొత్తం నోట్లో వేసుకుని నమిలేస్తారు. దీనికి పద్ధతి వేరే ఉంది. పండుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, తొడిమ ఊడిన వైపు పెదాలకి ఆనించి, పళ్లతో కొంచెం గాటు పెట్టి వెనక నుంచి నొక్కండి. గుజ్జు మొత్తం ముంజకాయ జారినట్టు ఒక్క ముద్దగా నోట్లోకి జారుతుంది. ముందు తీపి, ఆ తర్వాత మధ్యలో గింజల చుట్టూ పులుపు. గింజలు పక్కకి ఉమ్మేయండి. ఇప్పుడు చేతిలో మిగిలిన తొక్కని పారేయకుండా దాని లోపలి వైపు ఒకసారి పీల్చండి, అసలు రుచంతా అక్కడే ఉంది. తొక్కకీ గుజ్జుకీ మధ్య ఉండే ఆ రసం కోసమే నేను ఏడాదంతా ఎదురుచూస్తాను.

తొక్క నమలడం ఇష్టమైతే నమలండి, కొత్త రకాల్లో పలచగా ఉంటుంది. కానీ మొదటి రోజే ముప్పై, నలభై తొక్కలు తింటే పెదాలు మండుతాయి, తొక్కలో ఆమ్లాలు ఎక్కువ. గింజలు చేదు, కొరక్కండి.

ఇది మన దగ్గరి ద్రాక్ష తోటల్లాగే ఉంటుందా?

హైదరాబాద్ చుట్టుపక్కల పెరిగినవాళ్లకి ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, నాకూ వచ్చింది. రంగారెడ్డి జిల్లాలో అనాబ్-ఎ-షాహి తోటలు చూసినవాళ్లకి తెలుసు, పైన పందిరి, కింద నీడ, తలెత్తితే గుత్తులు. అక్కడ కోతలు ఎండాకాలం ముందు, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య. ఇక్కడ పందిరి ఉండదు. మనిషి ఛాతీ ఎత్తులో ఒక ఇనుప తీగ కట్టి దాని మీద మొక్కని అటూ ఇటూ చేతులు చాపినట్టు పాకిస్తారు, ఒక్కో మొక్కకి 20 అడుగుల దాకా చోటిస్తారు. ఆకులు తెరలా కిందికి దిగుతాయి, పళ్లు ఆ తెర వెనక దాక్కుంటాయి. కాబట్టి నిలబడి చూస్తే ఖాళీగా కనిపించే తీగని వంగి లోపలికి చూడండి, అందరూ వదిలేసిన మంచి పళ్లు మోకాలి ఎత్తులో, లోపలి వైపు ఉంటాయి. పిల్లల కళ్లకి అవి ముందు కనిపిస్తాయి.

పిల్లలతో వెళ్లొచ్చా?

నిక్షేపంగా. కానీ రెండు జాగ్రత్తలు. నాలుగైదేళ్ల లోపు పిల్లలకి పండు మొత్తంగా ఇవ్వకండి. మామూలు ద్రాక్షే గొంతుకి అడ్డం పడుతుంది, ఇది అంతకన్నా పెద్దది, జారుడుగా ఉంటుంది, పైగా గింజలు. తొక్క తీసి, గింజలు తీసి, ముక్కలు చేసి పెట్టండి.

రెండోది కందిరీగలు. రాలి కుళ్లిన పళ్ల మీద, పగిలిన పళ్ల మీద పసుపు నలుపు చారలవి వాలి ఉంటాయి. మా పాపకి ఆరేళ్లప్పుడు రసం కారిన చేతులు గౌనుకి తుడుచుకుంటూ ఆడుకుంది, కాసేపటికి ఒకటి వచ్చి మోచేతి దగ్గర కుట్టింది. ఐస్ పెట్టి ఊరుకోబెట్టాం, గంటలో సర్దుకుంది, కానీ ఆ గంట మా అందరికీ టెన్షన్. అప్పటి నుంచి తడిగుడ్డ, నీళ్ల సీసా, వేరే చొక్కా లేకుండా వెళ్లం. ఎవరికైనా తేనెటీగ, కందిరీగ కుడితే అలర్జీ వచ్చే అలవాటుంటే డాక్టర్ ఇచ్చిన మందు కార్లో కాదు, జేబులో ఉండాలి. ఆకుల్లోకి చెయ్యి పెట్టే ముందు ఒక్క క్షణం చూసి పెట్టడం నేర్పండి.

ఏం వేసుకోవాలి?

మూసిన బూట్లు. చెప్పులతో వెళ్లకండి, గడ్డిలో ఎర్రచీమల పుట్టలుంటాయి, ఈ ప్రాంతపు ఎర్రచీమలు కుడితే పొక్కులు లేస్తాయి. పాదాలు కప్పే ప్యాంటు, టోపీ, దోమల మందు. నల్ల పళ్ల రసం పడితే బట్ట మీద మరక పోదు, మంచి బట్టలొద్దు. ఇంటికొచ్చాక పిల్లల మడమలు, మోకాళ్ల వెనక గోమార్లు అంటుకున్నాయేమో ఒకసారి చూడండి.

ఈ పండుకి మందులు ఎక్కువ కొడతారా?

మామూలు ద్రాక్షతో పోలిస్తే తక్కువే, దానికి కారణం ఉంది. ఇక్కడి తేమకీ వేడికీ యూరప్ ద్రాక్ష బతకడం కష్టం. ముఖ్యంగా పియర్స్ డిసీజ్ అని ఒక బ్యాక్టీరియా తెగులు ఉంది, షార్ప్‌షూటర్ అనే రసం పీల్చే పురుగులు దాన్ని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మోస్తాయి, అది సోకితే తీగలో నీళ్లు పారే నాళాలు మూసుకుపోయి ఎండిపోతుంది. మస్కడైన్ దాన్ని తట్టుకుంటుంది, వేళ్లని తినే ఫిలాక్సెరా అనే పురుగునీ తట్టుకుంటుంది. ఈ నేలలో పుట్టింది కదా, ఈ నేల శత్రువులు దానికి పాత పరిచయస్తులే. అయినా పండు కుళ్లు లాంటి బూజు తెగుళ్లు వస్తాయి, చాలామంది వాటికి పిచికారీ చేస్తారు. తోటవాళ్లని నేరుగా అడగండి, దేనికి కొట్టారో ఎప్పుడు కొట్టారో చెప్తారు. చలి మాత్రం దీనికి పడదు, సున్నా ఫారెన్‌హీట్ దాకా దిగే చోట్ల బతకదు, అందుకే న్యూజెర్సీలో ఉన్న మీ బంధువులకి ఈ పండు పేరే తెలియకపోవచ్చు.

వైన్ టేస్టింగ్ ఉంటుందటగా? మేం తాగం, మాకేం ఉంటుంది?

కొన్ని తోటలు పండు కోసుకోవడానికే, కొన్ని వైనరీలు. నార్త్ కరోలినాలో రోజ్ హిల్ ఊళ్లో ఉన్న డప్లిన్ వైనరీ ఈ ద్రాక్ష వైన్‌కే పేరు, 1970ల నుంచి ఉంది. మస్కడైన్ వైన్ ఎక్కువగా తియ్యగా ఉంటుంది. టేస్టింగ్‌కి 21 ఏళ్లు దాటాలి, ఐడీ అడుగుతారు. డ్రైవ్ చేసేవాళ్లు ఆ జోలికి పోకూడదు. తాగనివాళ్లకి చాలా చోట్ల జ్యూస్, జామ్, జెల్లీ ఉంటాయి. వైనరీ తోటలో తీగల మీది పళ్లు మనం కోసుకోవడానికి కావు, అడక్కుండా చెయ్యి వెయ్యకండి.

ఎన్ని కోసుకోవాలి? ఎన్నాళ్లుంటాయి?

నలుగురి ఇంటికి తినడానికి ఐదారు పౌండ్లు చాలు. జెల్లీ, పచ్చడి చేసే ఉద్దేశం ఉంటే ఇంకో పది. ఇంటికి రాగానే కడగొద్దు. పగిలినవి ఏరేసి, మిగతావి గాలి ఆడే డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు కడుక్కోండి. కారులో డిక్కీలో వదిలేయకండి, ఆ వేడికి ఒక పూటలోనే పులుస్తాయి. ఎక్కువైతే కడిగి, బాగా ఆరబెట్టి, పళ్లెంలో పరిచి గడ్డకట్టించి సంచిలో వేసుకోండి, సంక్రాంతి దాకా ఉంటాయి.

వాటితో ఏం వండాలి?

ఇక్కడివాళ్లు తొక్కలతోనే పై (pie) అనే తీపి వంటకం చేస్తారు, అదీ చాలా బాగుంటుంది. ఏది చేసినా మొదటి మెట్టు ఒకటే: గుజ్జు ఒక గిన్నెలోకి, తొక్కలు ఒక గిన్నెలోకి పిండుకోవాలి. కిలోల లెక్కన పిండేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, ఆ ఆమ్లాలకి చేతులు దురద పెడతాయి. గుజ్జుని సన్న సెగ మీద పెడితే పది నిమిషాల్లో గింజలు విడిపోతాయి, జల్లెడ పడితే సరి. తొక్కలు విడిగా కొంచెం నీళ్లతో మెత్తబడేదాకా ఉడికించాలి. జెల్లీ చేస్తే రసాన్ని ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి తేర్చండి, లేకపోతే జెల్లీలో గాజుపలుకుల్లాంటి స్ఫటికాలు తగులుతాయి. అవి ద్రాక్షలో ఉండే ఆమ్లమే, హాని లేదు, కానీ పంటికింద పడితే బాగోదు.

మా ఇంట్లో మాత్రం సగం తొక్కలు పచ్చడికి వెళ్తాయి. ఉడికిన తొక్కలు, నూనెలో వేయించిన పచ్చిమిరపకాయలు, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా నూరి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు. పులుపు దానికదే ఉంటుంది, చింతపండు అక్కర్లేదు, తీపి మరీ ఎక్కువనిపిస్తే నిమ్మకాయ పిండండి. వేడన్నంలో నెయ్యితో కలిపి పెడితే మా అత్తగారు, ఇది నేరేడుకాయ పచ్చడా అని అడిగారు.

కుక్కని తీసుకెళ్లొచ్చా?

వద్దు. తోటవాళ్లు ఒప్పుకున్నా వద్దు. ద్రాక్ష కుక్కలకి విషం, కిడ్నీలు దెబ్బతింటాయి, కింద రాలినవి తినకుండా ఆపలేం.

మదర్ వైన్ (తల్లి తీగ) అని నాలుగు వందల ఏళ్ల తీగ ఉందట, చూడొచ్చా?

ఉంది, రోనోక్ దీవిలో, మాంటియో ఊళ్లో. దాదాపు 400 ఏళ్లదని చెప్పుకుంటారు. అంత వయసున్నా ఏటేటా చిగురు వేసి కాస్తుంది. 2010లో కరెంటు తీగల కింద కలుపు మందు కొట్టినప్పుడు పొరపాటున దీని మీద కూడా పడి కొంత భాగం ఎండిపోయింది, శ్రద్ధగా కత్తిరించి సాకితే మళ్లీ కోలుకుంది. అది ఒకరి సొంత స్థలంలో ఉంది. రోడ్డు మీద నుంచి చూసి, దణ్ణం పెట్టుకుని రావడమే, లోపలికి వెళ్లడం, ఆకు తుంచుకోవడం చేయకండి.

మా పెరట్లో వేసుకోవచ్చా? తిన్న గింజలు నాటితే వస్తుందా?

గింజ మొలుస్తుంది కానీ తల్లి రకం రాదు, పైగా కాయలే కాయని మగ తీగ కావచ్చు. నర్సరీలో మొక్క కొనండి. కొనేముందు ఒకటి అడగాలి: ఇది తనంతట తనే కాసేదా, లేక ఆడ రకమా. ఫ్రై, సుప్రీమ్, పాత స్కప్పర్‌నాంగ్ ఆడవి, పక్కన కార్లోస్, నోబుల్, నెస్బిట్ లాంటిది ఒకటి ఉంటేనే కాస్తాయి. ఒక్క మొక్కకే చోటుంటే నెస్బిట్ వేసుకోండి. రోజంతా ఎండ పడాలి, నీళ్లు నిలవకూడదు. మూడో ఏడు నుంచి చెప్పుకోదగ్గ కాపు వస్తుంది. ప్రతి చలికాలం చివర్లో, ఫిబ్రవరిలో, నిర్దాక్షిణ్యంగా కత్తిరించాలి, ఎందుకంటే కాయలు ఆ ఏడు వచ్చే కొత్త కొమ్మల మీదే పడతాయి. కత్తిరిస్తే కోసిన చోట నీళ్లు కారతాయి, చూసి కంగారుపడొద్దు, మొక్కకేమీ కాదు. పక్కింటివాళ్లకి ఇవ్వాలనుకుంటే మాత్రం ముదురు కొమ్మ కోసి గుచ్చితే వేళ్లు రావడం చాలా కష్టం. మల్లెకి అంటు తొక్కినట్టే, పొడవాటి తీగ ఒకటి నేలకి వంచి, మధ్యలో మట్టి కప్పి రాయి పెట్టి వదిలేయండి, చివర మాత్రం బయటికి ఉండాలి. వేళ్లు పట్టాక, తీగ నిద్రలో ఉండే చలికాలంలో తల్లి నుంచి వేరు చేసి ఇచ్చేయొచ్చు. మా పెరట్లోది అలా ఓ స్నేహితురాలి తోట నుంచి వచ్చిందే.